యూరోపియన్ గ్రూపులో మూగవాడు

బుల్లియ్య చచ్చిపోయింది నవ్వినందుకు.

మాట జారి చచ్చాడంటే అర్థముంది, నవ్వితే చావడమేమిటని మీరు అడగవచ్చు. డాక్టర్ హెల్విగ్ బంగళాలో భోజనాల వేళ ముగ్గురు దొరలు జర్మన్‌లో ఏదో హాస్యమాడుకున్నారు. వెనక పళ్ళెం పట్టుకుని నిలబడ్డ బట్లరు బుల్లియ్య ఫక్కున నవ్వాడు. తెలుగూ, బట్లరు ఇంగ్లీషూ తప్ప ఇంకే భాషా రాదని చెప్పి పనిలో చేరినవాడతను. దొరలు కూడా అతనితోపాటు నవ్వారు. మూడో రోజు పొద్దున అహ్లోన్ రేవులో పడవ తాళ్ళకు చిక్కుకుని బుల్లియ్య శవం దొరికింది.

అది 1926 సెప్టెంబరు. రంగూన్‌లో వానలు వెనకపట్టిన రోజులు.

"ఈసారి నోరు లేనివాడు కావాలి," అన్నాడు మేజర్ ఫెన్విక్. రహస్య విభాగానికి ఆయనే పెద్ద, బుల్లియ్యను ఆ బంగళాలో పెట్టిందీ ఆయనే.

"నోరు లేనోడు రిపోర్టెలా ఇస్తాడు సార్?" అన్నాడు ఇన్‌స్పెక్టర్ అచ్చయ్య.

"నోరు ఉండాలి. లేనట్టు బతకాలి. చెవులు కూడా అంతే."

ఇద్దరూ కలిసి గోడవారగా నిలబడ్డ కన్నారావు వైపు చూశారు.

కన్నారావుకు ఇరవై తొమ్మిదేళ్ళు. పుట్టింది అహ్లోన్ కూలీ లైన్లలో. తండ్రి అచ్చెన్న భీమిలి నుంచి ఓడెక్కి వచ్చి, బియ్యం రేవులో నలభై మంది జట్టుకు మేస్త్రీ అయ్యాడు. ఇన్‌ఫ్లుయెంజా వచ్చిన ఏడు తల్లీ తండ్రీ ఒకే వారంలో పోయారు. మిషన్ బడిలో నేర్చిన ఇంగ్లీషు మాత్రం మిగిలింది. పెళ్ళి కాలేదు, ఉత్తరం రాసేవాళ్ళు లేరు, పండక్కి పిలిచేవాళ్ళు లేరు. డిపార్ట్‌మెంటుకు ఇలాంటివాళ్ళంటే ప్రాణం.

"టార్గెట్ హెల్విగ్," అన్నాడు మేజర్. "స్విస్ పాస్‌పోర్టు. అది దొంగది. ఇంకో రెండున్నాయి, అవీ దొంగవే. పైకి బియ్యం బ్రోకరు. లోపల ఒక ముఠాకి నాయకుడు. నది ముఖద్వారంలో మన ఫిరంగులెక్కడున్నాయో, యుద్ధమొస్తే మైన్లు ఎక్కడ వేస్తామో చూపించే చార్టు మాయమైంది. కొట్టేసింది అతనే. ఎక్కడ దాచాడో తెలియదు. సింగపూర్‌లో కొనేవాడు కాచుకుని ఉన్నాడు."

"ఇల్లు సోదా చేస్తే?"

"యూరోపియన్ పెద్దమనిషి. రుజువు లేనిదే వారంటు రాదు. అందుకే రేవు దాటే ప్రతి ప్రయాణికుడి పెట్టెనీ కస్టమ్స్ చేత విప్పిస్తున్నాం. చార్టు ఊళ్ళోనే ఉంది. అతనికి ఫుట్‌బాల్ పిచ్చి. కాంటినెంటల్స్ అనే టీముకి మేనేజరు, సాయంత్రాలన్నీ గ్రౌండులోనే. అక్కడ గీతలు గీసే పని ఖాళీగా ఉంది."

"ఎన్నాళ్ళు సార్?" అన్నాడు కన్నారావు.

"చార్టు దొరికేదాకా."

వారమో పది రోజులో అనుకున్నాడు కన్నారావు. పదకొండు నెలలు పట్టింది.

గ్రౌండు అహ్లోన్ బియ్యం మిల్లుల వెనక ఉంది. దక్షిణాన రెండు వందల గజాలు నడిస్తే నది. ఆ వైపే దొరలు కూర్చునే పెవిలియన్. ఎదురుగా ఉత్తరపు పక్క వెదురు గేలరీ. అందులో రేవు కూలీలు, మిల్లు కూలీలు, వాళ్ళ ఆడవాళ్ళు, అంతా మన తెలుగువాళ్ళే. గేలరీ పక్కన తాటాకు పాకలో కన్నారావు కాపురం. రోలర్ లాగడం, గడ్డి కోయడం, తడిసిపోయిన గీతలమీద మళ్ళీ సున్నం పొయ్యడం అతని పని. వానాకాలంలో ఫుట్‌బాల్ ఆడే ఊరిది. పొద్దున గీసిన గీత మధ్యాహ్నానికి ఉండదు. ఊరంతా అతణ్ణి మూగయ్య అనేది.

అక్టోబరులో హెల్విగ్ పరీక్ష పెట్టాడు. కన్నారావు వంగి గీత గీస్తుంటే వెనక నుంచి వచ్చి, చెవికి మూరెడు దూరంలో రివాల్వరు పేల్చాడు. పడమటి ఎండలో దొర చెయ్యి లేవడం సున్నం మీద నీడగా ముందే కనబడింది కాబట్టి సరిపోయింది. పళ్ళు బిగబట్టి కన్నారావు తన పని తాను చేసుకుపోయాడు. ఆ చెవిలో హోరు వారం రోజులు తగ్గలేదు.

అసలు కష్టం రివాల్వరుతో కాదు. మాట్లాడకుండా ఉండటం పెద్ద పనా అనుకుంటాం. చుట్టూ మన భాషే వినబడుతుంటే నోరు కుట్టేసుకుని కూర్చోవడం ఎంత నరకమో పడ్డవాడికి తెలుస్తుంది. గేలరీలో తన తండ్రి జట్టువాళ్ళు కూర్చుని తగువులాడుకునేవారు, పెళ్ళి కబుర్లు చెప్పుకునేవారు, చచ్చిపోయిన అచ్చెన్న మేస్త్రీని తలుచుకునేవారు. పన్నెండో ఏట మిషన్ బడికి వెళ్ళిపోయిన కుర్రాణ్ణి, గడ్డం పెరిగిన ఈ మూగవాడిలో ఎవరూ పోల్చుకోలేదు. వాళ్ళకు ఆరడుగుల దూరంలో కూర్చుని తండ్రి గురించి విని, విననట్టు గడ్డి పీక్కునేవాడు కన్నారావు.

పకోడీలమ్మే దేముడమ్మ ఒక్కర్తే రోజూ పలకరించేది. అమ్మకం అయ్యాక ఆకులో ఇంత అన్నం, చేపల పులుసు వేసి ముందు పెట్టేది. "నోరు నేని బిడ్డ, దేవుడికి నీ మీదేటి కోపమో," అని తల నిమిరేది. పులుసులో ఉప్పు ఎప్పుడూ తక్కువే. ఆ మాట చెప్పడానికి లేదు, బాగుందని చెప్పడానికీ లేదు.

పొద్దున్నే ఆరింటికి మిల్లు కూత మోగేది, సరిగ్గా అర నిమిషం. ఆ అర నిమిషంలో కన్నారావు పాక తలుపు మూసుకుని, గొంతెత్తి తన పేరు తను చెప్పుకునేవాడు. కూత ఆగేలోపు మూడు నాలుగు సార్లు చెప్పొచ్చు. గొంతు పనిచేస్తోందో లేదో చూసుకోవడానికని తనకు తాను సర్దిచెప్పుకునేవాడు గానీ, అసలు సంగతి వేరు. ఆ పేరు పిలిచేవాళ్ళు ఇంకెవరూ లేరు.

ఆదివారం ఆదివారం లత పేటలో గోలీ సోడా దుకాణానికి వెళ్ళేవాడు. దుకాణదారు వేషంలో ఉన్నది అచ్చయ్యే. ఒక వేలు చూపితే మామూలు సోడా, అంటే కబురేం లేదు. మూడు వేళ్ళు చూపితే అర్జంటు. ఏది చూపినా వెనక గదిలో పదిహేను నిమిషాలు మాట్లాడుకోవచ్చు. రిపోర్టు రెండు నిమిషాల్లో అయిపోయేది. మిగతా పదమూడు నిమిషాలూ కన్నారావు వాన గురించి, చేపల ధర గురించి, అచ్చయ్య అల్లుడి గురించి అడిగినవే అడిగేవాడు. అచ్చయ్యకు ఆవలింతలు వచ్చేవి.

"టైమైపోనాది. ఎల్లు," అనేవాడు.

ఇక సూర్యావతి.

కాకినాడ నుంచి నాటకం కంపెనీతో వచ్చింది. కంపెనీ తిరుగు ఓడ ఎక్కింది, ఆమె ఎక్కలేదు. బర్మా సిల్కు లుంగీ, తలలో మల్లెలు, వేళ్ళ మధ్య సిగరెట్టు, నాలుగు భాషలు. ఇప్పుడు హెల్విగ్‌కు సెక్రటరీ, తామ్వేలో అతనిచ్చిన ఇల్లు. డిపార్ట్‌మెంటులో ఆమె ఫైలు మీద నీలం పెన్సిలుతో 'మన మనిషి' అని రాసి ఉంది. దాని కింద ఎర్ర పెన్సిలుతో 'వాళ్ళ మనిషి' అని కూడా రాసి ఉంది. రెండూ రాసింది మేజరే. రెండు పడవల మీద కాళ్ళు పెట్టిన మనిషిని ఏ పడవవాడు నమ్ముతాడు?

హెల్విగ్ ఆటగాళ్ళతో మంతనాల్లో ఉంటే ఆమె వచ్చి రోలర్ మీద కూర్చునేది. చెవిటి మూగవాడు కదా, భయమేముంది? తెలుగులో మాట్లాడేది. చిన్నప్పటి జగన్నాథపురం వంతెన గురించి, నాటకంలో మర్చిపోయిన పద్యం గురించి, హెల్విగ్ గురక గురించి. "నీకు వినబడదు కాబట్టి బతికిపోయావు మూగయ్యా, నాకు ఇంకెవరున్నారు చెప్పడానికి?" అనేది. ఫిబ్రవరిలో ఒకనాడు వాళ్ళమ్మ పోయిందని చెప్పింది. పోయిన ఇరవై రోజులకు ఉత్తరం అందిందట. ఏడవలేదు, ఊరికే చెప్పింది. కన్నారావు తలెత్తకుండా గీత గీస్తూనే ఉన్నాడు.

ఆ సాయంత్రాల కోసం అతను ఎదురుచూసేవాడు. ఇది రిపోర్టులో రాయలేదు.

1927 జులైలో ఈస్టర్న్ పోర్ట్స్ కప్ ప్రకటన వచ్చింది. సింగపూర్‌లో పోటీ. పెనాంగ్, బ్యాంకాక్, సైగాన్, బటేవియా నుంచి టీములొస్తాయి. రంగూన్ నుంచి రెండు టీములు వెళ్ళాలి. దొరలకు ఒక క్వాలిఫయింగ్ గ్రూపు, మిగతావాళ్ళకు ఒకటి. దొరలు మనవాళ్ళ చేతిలో ఓడి ఇంట్లో కూర్చుంటే బాగుండదని కాబోలు. యూరోపియన్ గ్రూపులో నాలుగు టీములు: నది మీద ఓడలు నడిపే పైలట్స్, స్కాచ్ గుమాస్తాల థిసిల్స్, సోల్జర్ల గారిసన్, నానా దేశాల వర్తకుల కాంటినెంటల్స్. గెలుపుకు రెండు పాయింట్లు, డ్రాకు ఒకటి. పైవాడు ఒక్కడే వెళతాడు. ప్రకటన చివర సర్కారు ఒక మర్యాద కూడా కలిపింది: క్వాలిఫై అయిన టీము సామాను కస్టమ్స్ విప్పదు.

హెల్విగ్ ఇన్నాళ్ళూ కాచుకున్నది ఇలాంటి సందు కోసమే.

ఆగస్టు రెండో శనివారం నాటికి కాంటినెంటల్స్ ఆటలన్నీ అయిపోయి నాలుగు పాయింట్లతో పైన ఉన్నారు. పైలట్లకు మూడు పాయింట్లు, థిసిల్స్‌తో ఒక్క ఆట మిగిలింది. గెలిస్తే ఐదు, టికెట్టు పైలట్లది. డ్రా అయితే చెరి నాలుగు, గోల్ యావరేజిలో కాంటినెంటల్స్‌ది పైచేయి. అయితే థిసిల్స్ ఆ ఏడు ఎవరి మీదా గెలవలేదు. హెల్విగ్ పని అయిపోయిందని ఊరంతా అనుకుంది.

ఆట నాలుగున్నరకి. నాలుగింటికి సూర్యావతి వచ్చి రోలర్ మీద కూర్చుంది. సిగరెట్టు వెలిగించింది గానీ తాగలేదు.

"మూగయ్యా, ఇవాళ నువ్వు వింటున్నావనుకుని చెబుతాను," అంది. "ఆ గేలరీ ఇవాళ కూలిపోతుంది. ముందు స్తంభాల తాళ్ళు కోసేసి ఉక్కు తీగ చుట్టారు. తీగ మీద గాజు గొట్టం, అందులో యాసిడ్. సెకండ్ హాఫ్ మొదలైన పావుగంటకి తీగ తెగుతుంది, ఐదు ముప్పై అయిదుకి. ఆరు వందల మంది ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి చస్తారు. ఆట ఆగిపోతుంది. ఆగిన ఆట మళ్ళీ ఆడించరు, సోమవారమే ఓడ. రూలు పదకొండు. పాయింట్ల పట్టిక ఉన్నదున్నట్టు ఉంటుంది."

కన్నారావు బకెట్‌లో సున్నం కలుపుతున్నాడు. చెయ్యి ఆపలేదు.

"చార్టు బూట్లలో ఉంది. పదకొండు జతలు, ఇరవై రెండు అడుగులు. ఇరవై రెండు ముక్కలు చేసి తోళ్ళ మధ్య కుట్టించాడు. నాకు తెలిసింది ఇంతే." ఆమె లేచి లుంగీ దులుపుకుంది. "మా అమ్మ పోయిందని చెప్పిన రోజు నువ్వు గీసిన గీత వంకరపోయింది. అంతకుముందు గాని, ఆ తరవాత గాని నీ గీత వంకరపోగా నేను చూడలేదు."

వెళ్ళి పెవిలియన్‌లో హెల్విగ్ పక్కన కూర్చుని నవ్వుతూ మాట్లాడసాగింది.

ఆట మొదలైంది. కన్నారావు గేలరీ వెనక్కి వెళ్ళాడు. పొద్దున లేని గోనెపట్టా ఇప్పుడు కింది భాగమంతా దిగ్గొట్టి ఉంది. దాని ముందు ఓడ కళాసీ ఒకడు దుడ్డుకర్రతో నిలబడ్డాడు. కన్నారావు గడ్డికత్తి చూపించి లోపలికి వెళ్ళాలని సైగ చేశాడు. కళాసీ కర్రతో రొమ్ము మీద పొడిచి తరిమేశాడు. గోనె చాటున ఏముందో కనబడలేదు. ఏదో ఘాటు వాసన తగిలింది గానీ, సున్నం పట్టిన ముక్కుకు అది యాసిడో, ఎవడో పారబోసిన కల్లో తేలలేదు.

హాఫ్‌టైమ్‌కు పైలట్స్ ఒక గోలు ముందున్నారు. గేటు దగ్గర సోడాబండితో నిలబడ్డ అచ్చయ్యకు కన్నారావు మూడు వేళ్ళు చూపించాడు. ఇద్దరూ బండి చాటుకు వంగారు. కన్నారావు గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పాడు.

అచ్చయ్య సోడాసీసా కడుగుతూ విన్నాడు. "అది ఉచ్చురా," అన్నాడు.

"అచ్చయ్య గారూ, ఆరొందల మంది."

"ఆరొందలని ఎవులు సెప్పినారు? ఆవిడే. యాసిడని ఎవులు సెప్పినారు? ఆవిడే. నువ్వు సూసినావేటి?"

"చూడనివ్వలేదు."

"మరేటి? గీత వంకరపోనాదని అందంటే నీ మీద అనుమానముంది. నిన్ను కదిపి సూస్తన్నారు. నువ్వు నోరిప్పినావంటే బుల్లియ్య పక్కన పండుకుంటావు. చార్టు ఈ రేతిరికే ఇంకో సోటికి ఎల్పోద్ది. పదకొండు నెల్లూ గంగలో కలిసిపోతాయి."

"మేజరు గారికి ఫోను?"

"మేమ్యో కొండ మీదున్నాడు. అందడు." అచ్చయ్య సీసా దించాడు. "ఇన్‌స్పెక్టరుగా సెప్తన్నాను. ఆర్డరు. నోరిప్పకు."

అచ్చయ్య చెడ్డవాడు కాడు. ఆ మాటల్లో ఒక్కటీ తప్పు లేదు. అదే బాధ.

ఐదు ఇరవైకి ఈల మోగింది. కన్నారావు సున్నం బకెట్‌తో టచ్‌లైన్ వెంట నడిచాడు. అడకత్తెరలో పోకచెక్కలా ఉంది అతని పని. మాట్లాడితే మిషన్ పోతుంది, తనూ పోతాడు. మాట్లాడకపోతే, ఆమె చెప్పింది నిజమైతే, గేలరీ పోతుంది. ఆ ఫిరంగులు అతనివి కావు. ఆ నదీ అతనిది కాదు. చార్టు ఒక దొర దగ్గర్నుంచి ఇంకో దొర దగ్గరకు పోతుంది. గేలరీలో ముందు వరసలో దేముడమ్మ పకోడీ బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆవిడ వెనక తండ్రి జట్టువాళ్ళు పైలట్ల వైపు అరుస్తున్నారు. ఈ ఊళ్ళో అతనివాళ్ళంటూ ఎవరైనా ఉంటే వాళ్ళే, అతనెవరో వాళ్ళకు తెలియకపోయినా.

ఐదు ముప్పై. అప్పుడు తట్టింది కన్నారావుకు.

ఫిబ్రవరి. గీత వంకరపోయింది ఫిబ్రవరిలో. ఇప్పుడు ఆగస్టు. ఈ మూగవాడికి చెవులున్నాయని ఆమెకు ఆరు నెలలుగా తెలుసు. ఆమె హెల్విగ్ మనిషే అయితే మార్చి నెలకే కన్నారావు పడవ తాళ్ళకు చిక్కుకుని ఉండాలి. కానీ అతను బతికే ఉన్నాడు. ఆమె రోజూ వచ్చి ఎదురుగా కూర్చుని, వింటున్నాడని తెలిసే మాట్లాడింది. అచ్చయ్య ఫైలు చదివాడు. ఫైలులో ఇది లేదు.

కన్నారావు బకెట్ కింద పెట్టి గేలరీ ముందుకు వెళ్ళి నిలబడ్డాడు.

అహ్లోన్ రేవులో ఒక పద్ధతి ఉంది. క్రేను గొలుసు తెగుతున్నా, బస్తాల దొంతి జారుతున్నా మేస్త్రీ ఒక కేక పెడతాడు. ఆ కేక వింటే కూలీ పైకి చూడడు, ఎందుకని అడగడు. మూపు మీదున్నది అక్కడికక్కడే ఒగ్గేసి నది వైపు పరుగెత్తుతాడు. పైకి చూసినవాడు బతకడని వాళ్ళకు ముందే తెలుసు. మొగుడి దగ్గర ఆడవాళ్ళూ, అమ్మల దగ్గర పిల్లలూ నేర్చుకున్నారు. అన్నం తింటూ విన్నా ఆకు వదిలి లేస్తారు. నది ఏ దిక్కునుందో వాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఒగ్గెయ్! నీటేపు!"

పదకొండు నెలలు మూసుకున్న గొంతు. దాన్లోంచి వచ్చింది అచ్చెన్న మేస్త్రీ కేక, అదే సాగదీత, అదే బొంగురు. గేలరీలో ముసలి కూలీలు చచ్చినవాడి గొంతు విన్నామని ఆ తరవాత చాన్నాళ్ళు చెప్పుకున్నారు. కానీ ఆ క్షణాన ఒక్కడూ ఏమీ అనుకోలేదు. ఆరు వందల మంది లేచారు. గొడుగులు, చెప్పులు, పకోడీ బుట్ట, అన్నీ ఎక్కడివక్కడ ఒగ్గేశారు. తోపులాట లేదు, ఏడుపు లేదు. ముందు వరస దిగితే వెనక వరస, దాని వెనకది. పాతిక అంకెలు లెక్కపెట్టేలోపు గేలరీ ఖాళీ అయి జనమంతా మైదానంలోకి వచ్చేశారు.

రిఫరీ ఈల ఊదాడు. ఆట ఆగింది.

గేలరీ మాత్రం నిక్షేపంలా నిలబడి ఉంది.

అర నిమిషం, నిమిషం. అందరి కళ్ళూ కన్నారావు మీదే. మూగవాడు మాట్లాడాడని మెల్లగా ఒక్కొక్కరికీ తలకెక్కుతోంది. గేటు దగ్గర అచ్చయ్య నెత్తి మీద చెయ్యి పెట్టుకుని బండి ఆనుకుని కూలబడ్డాడు. పెవిలియన్‌లో హెల్విగ్ నిలబడ్డాడు, కుడి చెయ్యి కోటు జేబులో ఉంది. అయితే అతనికీ కన్నారావుకీ మధ్య ఆరు వందల మంది అడ్డంగా ఉన్నారు. సూర్యావతి కూర్చున్న చోటే కూర్చుని తన చేతుల వైపు చూసుకుంటోంది. మోసపోయానా అనుకున్నాడు కన్నారావు. పెవిలియన్ గోడ గడియారంలో ముల్లు ఐదు ముప్పై అయిదు దాటింది.

టప్‌మని తీగ తెగిన చప్పుడు. గేలరీ ముందుకు తూలి, మోకాళ్ళ మీద పడి, పెద్ద చప్పుడుతో నేలమట్టమైంది. వెదురు బద్దలు పాకను కూడా ముక్కలు చేశాయి. దుమ్ము తగ్గాక చూస్తే కింద ఉన్నది గొడుగులూ చెప్పులూ మాత్రమే.

హెల్విగ్ అప్పటికే రిఫరీ దగ్గరకు వచ్చేశాడు. "ఘోర ప్రమాదం. ఆట రద్దు చేయాలి. రూలు పదకొండు."

రిఫరీ గారిసన్‌లో సార్జెంటు. చుట్టూ చూశాడు. "ఎవరైనా చచ్చారా?"

"లేదు, కానీ..."

"గోల్‌పోస్టులు విరిగాయా?"

"లేదు."

"మరి రద్దెందుకు? జనాన్ని గీత వెనక కూర్చోమనండి. గీతలు సరిచేయించండి."

గీతలు సరిచేసేది ఎవరు? కన్నారావే బకెట్ తెచ్చి టచ్‌లైన్ మళ్ళీ గీశాడు.  గీత పొడుగునా కూలీలు గొంతుక్కూర్చున్నారు. ఎవరి కాలి వేలూ గీత దాటలేదు.

ఇక్కడితో అయిపోతే దేవుడికి పనేముంది? ఐదు నిమిషాలుందనగా, ఆ ఏడంతా ఎవర్నీ ఓడించలేని థిసిల్స్ గోలు కొట్టేశారు. ఒకటి ఒకటి. డ్రా అంటే కాంటినెంటల్స్ సింగపూర్‌కు, బూట్లూ సింగపూర్‌కు. హెల్విగ్ చుట్ట వెలిగించాడు.  రిఫరీ వాచీ చూస్తుండగా, చివరి కార్నరు కిక్కుకు వచ్చి బురదలో ఆగిపోయిన బంతిని ఒక బక్కపలచని పైలటు, ఎవరి కాలో తన కాలో తెలియని తొక్కిసలాటలో, మోకాలితో లోపలికి తోశాడు. వెంటనే ఆఖరి ఈల. ఆరు వందల మంది గీత దాటింది అప్పుడే.

ఆ గోలలో దేముడమ్మ వచ్చి కన్నారావు చెంప మీద ఒక్కటిచ్చింది.

"నోరున్నోడివి," అంది. "ఇన్నాళ్ళూ నా సేత్తో తిని ఉప్పు తక్కువైనాదని ఒక్కనాడు సెప్పినావేట్రా?" అని అతణ్ణి పట్టుకుని ఏడ్చింది. కన్నారావు కూడా ఏడ్చాడు. అచ్చెన్న కొడుకునని చెప్పాడు. ఆవిడ ఇంకో చెంప కూడా వాయించింది.

సోమవారం పొద్దున హెల్విగ్ మూడో పాస్‌పోర్టుతో సింగపూర్ ఓడ ఎక్కబోయాడు. టీము పెట్టె అయితే విప్పరు. ప్రయాణికుడి పెట్టె అయితే విప్పుతారు. ఒంటరి పెద్దమనిషికి పదకొండు జతల ఫుట్‌బాల్ బూట్లు ఎందుకని కస్టమ్స్ గుమాస్తా చాలా మర్యాదగా అడిగాడు.  ఇరవై రెండు ముక్కలూ దొరికాయి.

మేజర్ ఫెన్విక్ కన్నారావుకు రెండు కాగితాలిచ్చాడు. ఒకటి ఆర్డరు మీరినందుకు చీవాట్లు. రెండోది చార్టు దొరికినందుకు మెప్పు. రెండింటి మీదా ఒకటే తారీకు. రంగూన్‌లో ఇక పనికిరావు, ఊరంతా నీ గొంతు వింది, మాండలే బదిలీ అన్నాడు. సూర్యావతిని ఆ సాయంత్రమే కాకినాడ స్టీమరు ఎక్కిస్తున్నారు. ముఠాలో మిగిలినవాళ్ళు ఆమెను బతకనివ్వరు, అందుకు. తిరిగి రావడం ఉండదు.

కన్నారావు జెట్టీకి వెళ్ళాడు. దారి పొడుగునా మాటలు పోగుచేసుకున్నాడు. గురక మాట విని నవ్వు ఎలా ఆపుకున్నాడో చెప్పాలి. మర్చిపోయిన పద్యంలో రెండో పాదం తనకు తెలుసని చెప్పాలి. వాళ్ళమ్మ పోయిన రోజు ఒక్క మాట అనలేకపోయినందుకు క్షమించమనాలి. ఆరు నెలలు తనను ఎందుకు బతకనిచ్చిందో అడగాలి. సాయంత్రాలు ఎదురుచూసేవాణ్ణని, కుదిరితే, అది కూడా చెప్పాలి.

ఆమె మెట్ల దగ్గర ట్రంకు మీద కూర్చుని ఉంది. నేత చీర, తలలో పూలు లేవు. పక్కన కాపలా కానిస్టేబులు. కన్నారావును చూసి లేచింది. ఓడ రెండో కూత వేసింది. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. ఆమె ఎదురుచూసింది. అతను నోరు తెరిచాడు. పోగుచేసుకున్నవన్నీ ఎక్కడికి పోయాయో పోయాయి.

"అన్నం తిన్నారా?" అన్నాడు.

సూర్యావతి అతని వైపు చూసింది. నవ్వింది. తరవాత కళ్ళు తుడుచుకుంది.

"పదకొండు నెలలు మూగనోము పట్టి ఆఖరికి అడిగింది ఇదా?" అంది. "తినలేదు. అడిగినవాళ్ళెవరూ లేరు."